పరీక్షలు దండగ, కరెంటు బిల్లు చాలు

పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ అనే పాత పేరు వదిలించుకున్న ఈఏపీసెట్, జేఈఈ, నీట్ వగైరా పరీక్షలన్నిటినీ వెంటనే రద్దు చేయాలని రాష్ట్ర ప్రభుత్వానికీ, వీలుంటే కేంద్రానికీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పరీక్షల మీద నాకేమీ పగ లేదు. వాటి పుణ్యమా అని మా ఇంట్లో అందరం స్థిరపడినవాళ్లమే. నా బాధంతా ఖర్చు గురించి. ప్రశ్నపత్రాలు అచ్చు వేయించాలి, వాటిని పోలీస్ స్టేషన్లో దాచాలి, సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపులు మూయించాలి, ఫ్లయింగ్ స్క్వాడ్‌కు జీపు పెట్టాలి, స్పాట్ వాల్యుయేషన్‌కు టీచర్లను పిలిపించి టీఏ డీఏ ఇవ్వాలి. ఇంత హంగామా చేసి చివరికి మనం కనుక్కునేది ఏమిటి? ఏ పిల్లవాడు ఎలాంటి ఇంట్లో పుట్టాడన్నది. ఆ సంగతి వార్డు సచివాలయం కంప్యూటర్లో ముందునుంచీ ఉంది. చేతిలో ఉన్న సమాచారం కోసం పిల్లల చేత మూడేసి గంటలు రాయించడం ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో సంసారం చేసే ప్రతి ఒక్కరికీ సిక్స్ స్టెప్ వాలిడేషన్ సంగతి తెలుసు. సర్కారు పథకం ఎవరికి రావాలో, ఎవరికి రాకూడదో తేల్చే జల్లెడ అది. నెలకు ఇంటి ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదనేది మొదటి మాట. ఆపైన మాగాణి 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు మించకూడదు. నెలకు కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ అయితే క్షమిస్తారు. సర్కారు ఉద్యోగి గానీ, రిటైరై పింఛను తీసుకునేవాళ్లు గానీ ఇంట్లో ఉండకూడదు. ఆదాయపు పన్ను కట్టకూడదు. పట్నంలో సొంతిల్లు 1,000 చదరపు అడుగులు మించకూడదు. నేను చాలా పరీక్షల సిలబస్‌లు చూశాను గానీ ఇంత నిఖార్సైనది ఎక్కడా చూడలేదు. లీకేజీ భయం లేదు. కాపీ కొట్టడానికి వీల్లేదు; పక్కింటివాళ్ల మీటరు చూసి ఎంత రాసుకున్నా మన బిల్లు పెరగదు.

నా ప్రతిపాదనల్లా ఈ జల్లెడను తిరగేసి పట్టుకోవడమే. పథకానికి పనికిరాని ఇంటికి ర్యాంకు ఇచ్చేద్దాం. 300 యూనిట్లు దాటిన ఇంట్లో ఏసీ ఉంటుంది. కర్నూలు ఎండల్లో ఏసీ గదిలో కూర్చున్న పిల్లవాడికి ఇంటెగ్రేషన్ ఎక్కినట్టు, రేకుల కప్పు కింద తడిగుడ్డ నెత్తినేసుకున్న పిల్లవాడికి ఎక్కదు. కాబట్టి 300 దాటితే లెక్కల్లో డిస్టింక్షన్, 500 దాటితే జేఈఈ మెయిన్, ఇన్వర్టర్ కూడా ఉంటే అడ్వాన్స్‌డ్. కారు ఉన్న ఇంటికి ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఇవ్వాలి, ఒక ట్యూషన్ నుంచి ఇంకో ట్యూషన్‌కు తిప్పేది అదే కదా. సర్కారు ఉద్యోగి ఉన్న ఇంటికి సోషల్ పాస్. ఏ ఫారం ఏ తారీఖు లోపల వేయాలో, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగుతుందో, ఎవరికి ఫోన్ చేస్తే కదులుతుందో తెలిసిన ఇల్లు అది. మన దేశంలో సోషల్ స్టడీస్ అంటే అంతకుమించి ఏముంది? ఆదాయపు పన్ను కట్టే ఇంటికి తెలుగు నుంచి మినహాయింపు. వాళ్ల పిల్లలు ఎలాగూ ఇంటర్లో సంస్కృతం తీసుకుని, ఒక్క శ్లోకం నోటికి రాకుండానే నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకుంటున్నారు.

ఇది నేను పడక్కుర్చీలో కూర్చుని అల్లిన ఊహ అనుకోకండి. అమెరికావాళ్లు 1964లో పౌరహక్కుల చట్టం చేసినప్పుడు, దేశంలో పిల్లలందరికీ చదువుకునే అవకాశం సమానంగా ఉందో లేదో చూసి చెప్పమని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఆ పని జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్తకు అప్పజెప్పారు. ఆయన బృందం లక్షల మంది పిల్లలకు పరీక్షలు పెట్టి, వేల బడుల లెక్కలు తీసి, 1966లో 700 పేజీలు దాటిన నివేదిక ఇచ్చింది. బడిలో ల్యాబు ఎంత పెద్దది, లైబ్రరీలో పుస్తకాలు ఎన్ని అన్నదాని కన్నా పిల్లవాడి ఇల్లు ఎలాంటిది, వాడి పక్కన కూర్చునే పిల్లల ఇళ్లు ఎలాంటివి అన్నదే మార్కుల్లో తేడాకు పెద్ద కారణమని అందులో తేలింది. మా జేజి ఇదే సంగతిని "పెట్టి పుట్టాల నాయనా" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. ఆమెకు ఏ ప్రభుత్వమూ గ్రాంటు ఇవ్వలేదు.

తర్వాత ఫ్రాన్సులో పియర్ బూర్దియూ అని ఒకాయన బయల్దేరాడు. డబ్బు, పొలమే కాదు, ఇంట్లో మాట్లాడే తీరు, గోడకున్న పుస్తకాల అలమార, పెద్దవాళ్ల ముందు తడబడకుండా నిలబడగలగడం, ఇవన్నీ కూడా పెట్టుబడే అన్నాడు. బడి ఈ పెట్టుబడికి వడ్డీ కడుతూ, ఆ వడ్డీకి తెలివి అని పేరు పెడుతుందని కూడా అన్నాడు. ఆయన తండ్రి పల్లెటూరి తపాలా ఉద్యోగి అట. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్లకే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. కలెక్టర్ కొడుకై ఉంటే హాయిగా పట్టుదల మీద, టైమ్ మేనేజ్‌మెంట్ మీద ప్రసంగాలు చేసుకునేవాడు.

మా వాడి సంగతే తీసుకోండి. పూర్తిగా స్వశక్తితో పైకి వచ్చాడు. వాళ్లమ్మ బీఈడీ చేసింది గనక ఎల్‌కేజీ నుంచే సాయంత్రం పూట దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది. అది తల్లి ప్రేమ, దాన్ని లెక్కలో వేయకూడదు. బడిలో ప్రాజెక్టు ఇస్తే థర్మకోల్‌తో సౌరకుటుంబం నేనే చేశాను. శనిగ్రహం చుట్టూ వలయం సరిగ్గా నిలబడక ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వచ్చింది. వాడికి ఏ ప్లస్ వచ్చింది, సైన్సు మీద అభిరుచి ఉందని టీచర్ డైరీలో రాసింది. ఎనిమిదో తరగతిలో ఫౌండేషన్ కోర్సులో వేశాం. ఇంటర్లో చేర్చాక వాడికి చదువుకునే గది విడిగా ఉండాలని పైన ఒక గది వేయించాం. వాడు చదువుతున్నంతసేపూ ఇంట్లో టీవీ పెట్టేవాళ్లం కాదు, చుట్టాల్ని రానిచ్చేవాళ్లం కాదు. మొదటిసారి ర్యాంకు దూరంగా వచ్చింది. అయినా అధైర్యపడకుండా లాంగ్ టర్మ్‌లో చేరాడు. వాళ్లమ్మ జీతం లేని సెలవు పెట్టి హైదరాబాదులో కోచింగ్ సెంటర్ పక్కనే ఫ్లాటు తీసుకుని ఏడాది పాటు వండి పెట్టింది. రెండోసారి కొట్టాడు. నేను గర్వంగా చెప్పేది ఏమిటంటే, ఎవరి సాయమూ లేకుండా కొట్టాడు.

ఇంటర్లో ఉండగా వాడు పడే కష్టం చూసి మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా జాలిపడేది. "బువ్వ గూడా రూములోకే తీస్కపోతాండావు గదమ్మా, ఎంత సదువో పాపం" అని మా ఆవిడతో అనేది. ఆమె కొడుకూ అప్పుడే సర్కారు జూనియర్ కాలేజీలో ఇంటర్ చదివేవాడు. లెక్కల్లో తప్పాడు. తప్పిన నెలకే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మెకానిక్ షెడ్డులో చేరిపోయాడు. వాళ్లుండేది ఒకటే గది. అందులో టీవీ, పొయ్యి, తాత దగ్గు, తాగొచ్చిన తండ్రి, అన్నీ ఉంటాయి. ఇవన్నీ సాకులు. అసలు లోపం వాడిలో పట్టుదల లేకపోవడం. మా వాడు ఒకసారి దెబ్బతిన్నాక ఏడాది ఆగి మళ్లీ లేచాడు. వీడు ఆగలేకపోయాడు. ఆ మాటే ఆమెతో అన్నాను కూడా. "అవున్ సార్, మావోనికి సదువు అబ్బల్యా" అంది, నొచ్చుకోకుండా. ఇలాంటి అవగాహన కిందివాళ్లలో ఉన్నంతకాలం ఈ దేశానికి వచ్చిన భయమేమీ లేదు.

భాష గొడవ ఒకటి ఉంది, దాన్ని ఎక్కువ సాగదీయను. ఇంగ్లండులో బేసిల్ బెర్న్‌స్టీన్ అనే ఆయన 1960ల్లోనే దీన్ని లేవదీశాడు. కూలినాలి చేసుకునే ఇళ్లలో మాట సాగే తీరు వేరు, బడి కోరే తీరు వేరు; బడి ఏ ఇంటి మాటను కోరుకుంటుందో ఆ ఇంటి పిల్లలకు సగం చదువు గడప దాటకముందే అయిపోయి ఉంటుందని ఆయన వాదన. మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఆదోని పక్క పల్లెల్లో ఇంట్లో కన్నడం, కర్నూలు పాత బస్తీలో ఉర్దూ, సుగాలీ తండాల్లో గోర్ బోలి. ఆ పిల్లలందరి సౌకర్యం కోసం ప్రభుత్వం పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చువేసింది. వాళ్లకు రాని భాష ఏదో వాళ్లే ఎంచుకోవచ్చు. పోనీ తెలుగు ఇంటి పిల్లవాడేనా అంటే, నిన్న ఎక్కడికి వెళ్లావని సార్ అడిగితే "యాడికీ పోల్యా సార్" అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఆ తర్వాత వాడు నోరు తెరవడు. నోరు తెరవని పిల్లవాడికి సబ్జెక్టు రాదని టీచర్ రాస్తుంది. రికార్డు పక్కాగా ఉంటుంది.

కర్నూలు నుంచి పడమరగా పోతే కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాలు వస్తాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర తచ్చాడితే, ఉమ్మడి రాష్ట్రానిది 67 శాతం. జిల్లాను కిందికి లాగిన బరువులో పెద్ద వాటా ఈ పడమటి పల్లెలదే. తుంగభద్ర పక్కనే పారుతున్నా చేలల్లోకి నీళ్లు రావు. వాన మోసం చేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి. గుంటూరు మిరపకోతలకు కొన్ని, తెలంగాణ పత్తి చేలకు కొన్ని, బెంగుళూరు బిల్డింగు పనులకు కొన్ని. దసరా దాటాక మొదలైతే ఉగాదికి గానీ మనుషులు మళ్లీ కనిపించరు. లారీల్లో, బొలేరోల్లో మూటలతో పాటు పిల్లలూ ఎక్కుతారు. చిన్న వేళ్లకు మిరపకాయ బాగా తెగుతుందని అంటారు. పరీక్షలు వచ్చేదీ, మిరప పండేదీ ఒకే కాలంలో కావడం కాకతాళీయం.

ఇక్కడే మన ప్రభుత్వాల ముందుచూపు మెచ్చుకోవాలి. 2020 జనవరిలో అమ్మఒడి అని మొదలైంది. పిల్లల్ని బడికి పంపే పేద తల్లికి ఏడాదికి 15,000. ఆ తర్వాత దానికి 75 శాతం హాజరు షరతు అమల్లోకి వచ్చింది. అంటే, బిడ్డను బడికి పంపలేనంత పేదరికం ఉన్న తల్లికి, బిడ్డను బడికి పంపలేదు గనక పేదరికం తాలూకు డబ్బు పడదు. ఇంత నిగ్గుతేలిన తర్కం న్యాయశాస్త్రంలో కూడా దొరకదు. ప్రభుత్వం మారాక 2025లో పథకం పేరు తల్లికి వందనం అయింది. ఒక్క బిడ్డకు కాక ఇంట్లో ఎందరుంటే అందరికీ ఇస్తున్నారు. మంచిదే. కానీ మిరప చేనుకు మాత్రం ఏ ప్రభుత్వమూ వందనం చేయలేదు, అది తన హాజరు తాను తీసుకుంటూనే ఉంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి తల్లిదండ్రుల్ని పిలిచారు. వచ్చినవాళ్లు కూలి పోగొట్టుకుని వచ్చారు. రానివాళ్లకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదని తేలింది.

ఇక పత్తి సంగతి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలు ఉన్నాయి. అందులో చేసే పనిని క్రాసింగ్ అంటారు. సాయంత్రం పూట ఆడ మొక్క మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను చూసి పట్టుకోవాలి, గోటితో దాని పైపొర ఒలిచి పుప్పొడి తిత్తులు తీసేయాలి, లోపలి కీలం తెగకూడదు. మర్నాడు పొద్దున్నే మగ మొక్క నుంచి కోసిన పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఆ పని కొన్ని నెలల పాటు రోజూ చేయాలి. ఈ చేలల్లో ఆడపిల్లల చేత చేయిస్తున్నారని 1990ల నుంచి పరిశోధకులు రాస్తూ వచ్చారు, ఆ తర్వాత ఉద్యమాలు జరిగాయి, తనిఖీలు జరిగాయి. ఇప్పుడు తగ్గిందనే అంటారు. నేను ఆ చర్చలోకి పోను. నాకు ఆసక్తి కలిగించేది జీవశాస్త్రం పాఠం. మెండెల్ బఠాణీ మొక్కల్లో చేసింది ఇదే. పుప్పొడి తిత్తులు తీసేశాడు, వేరే మొక్క పుప్పొడి అద్దాడు, వచ్చిన విత్తనాలు లెక్కపెట్టాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు సిటీ కాలేజీలో స్మార్ట్‌బోర్డు మీద యానిమేషన్ వేస్తారు. దాన్ని చూసి మా వాడి క్లాసులో పిల్లలు ఐదు మార్కుల జవాబు రాశారు. చేలో వేల మొగ్గలు చేత్తో ఒలిచిన పిల్ల ఆ ప్రశ్న వదిలేసింది. ఎందుకంటే పేపర్లో దాని పేరు ఇమాస్క్యులేషన్ అని ఉంది. చేలో ఆ పేరుతో ఎవరూ కూలి ఇవ్వలేదు. ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు ఉంటాయి గదా అంటారేమో. అవి మైక్రోస్కోపు ఉన్న కాలేజీ పిల్లలకు, రికార్డు బుక్కు అట్టకు తెల్ల కాగితం వేసినవాళ్లకు.

ఇంత చెప్పినా కొందరు ఒప్పుకోరు. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెచ్చి ముందు పెడతారు. మార్కెట్ యార్డు హమాలీ కూతురికి ర్యాంకు, తండ్రి నోట్లో మిఠాయి పెడుతున్న ఫోటో. నాకు ఆ వార్తలంటే ప్రాణం. ఏటా ఒకటి రెండు తప్పకుండా రావాలి కూడా. తొలకరి పడితే మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పక్క చేలల్లో ఏం జరుగుతుందో తెలుసు గదా? బడులు తెరిచే జూన్ నెలలోనే ఎక్కడెక్కడి జనమో సద్దులు కట్టుకుని వచ్చి, పొద్దస్తమానం నడుము వంచి వజ్రాలు వెతుకుతారు. ఎవరో ఒకరికి దొరుకుతుంది. లక్షలకు అమ్ముడుపోయిందని పేపర్లో పడుతుంది. మర్నాడు చేలో జనం రెట్టింపు. వట్టి చేతులతో పోయిన వేలమంది గురించి ఎవరూ రాయరు, రాస్తే రేపటి నుంచి ఎవరు వస్తారు? హమాలీ కూతురి వార్త కూడా అదే పని చేస్తుంది. మిగిలిన హమాలీల పిల్లలు నడుము వంచాల్సినంత వంచలేదని దాంతో రుజువవుతుంది. చేలో వజ్రాలు ఎన్నున్నాయి, పైకి తేలేవి ఎన్ని అనే లెక్క అడిగినవాణ్ని నిరాశావాది అంటారు.

పేదలంటే ఎవరో తేల్చడంలో కూడా మనవాళ్ల నేర్పు చూడండి. 12,000 రూపాయలు దాటిన పట్నం కుటుంబం పేదది కాదని పైన చెప్పుకున్నాం. అదే సచివాలయంలో, అదే కౌంటర్లో ఈడబ్ల్యూఎస్, అంటే వేరే రిజర్వేషన్ లేని కులాల్లో పేదలకిచ్చే సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోండి. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 10 శాతం కోటా అది. అక్కడ ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉంటే పేదవాళ్లే. నెలకు 66,000 పైచిలుకు. బియ్యం కోసం వరుసలో నిలబడితే పేదరికం 12,000 దగ్గర తెగిపోతుంది, సీటు కోసం నిలబడితే 66,000 దాకా సాగుతుంది. మా కాలనీలో ఈ రెండో రకం పేదలు చాలామంది ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, కొందరికి ఇంకా కారు ఆటోమేటిక్ గేర్లది కాదు.

మెడిసిన్ దగ్గర అయితే నా పథకం సగానికి సగం ఇప్పటికే అమల్లో ఉంది. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు సర్కారు ఫీజుతో నిండే కన్వీనర్ కోటా, 35 శాతం యాజమాన్యం కోటా అనే బి కేటగిరీ, 15 శాతం ఎన్నారై. ఆ చివరి 15 శాతంలో, విదేశంలో దగ్గరి చుట్టం ఉండటం కూడా అర్హతల్లో ఒకటి. ఇల్లే పరీక్ష రాసి, ఇల్లే పాసై, ఇల్లే ఫీజు కట్టే పద్ధతి. అక్కడ ఎవరూ మెరిట్ గురించి ధర్నా చేయగా నేను చూడలేదు. రిజర్వేషన్ సీటులో చేరిన పిల్లవాడు ఆపరేషన్ చేస్తే ఎలా అని కంగారుపడే మా వాకింగ్ మిత్రులు, ఈ డాక్టర్ల దగ్గర ధైర్యంగా పడుకుంటారు.

కార్పొరేట్ కాలేజీలు నా ప్రతిపాదనను వ్యతిరేకిస్తాయేమోనని మొదట భయపడ్డాను. ఆలోచిస్తే వాళ్లకు నష్టమేమీ లేదు. బాగా చదివే పిల్లల్ని పదో తరగతి కాగానే ఏరుకుని, ఫీజు మాఫీ చేసి, ఒక్క సెక్షన్లో కుక్కి, మంచి లెక్చరర్లందరినీ ఆ గదికే పంపి, వచ్చిన ర్యాంకుల్ని టీవీలో ఊపిరాడకుండా అరిపిస్తారు. ఆ అరుపు విని చేరిన మిగతా సెక్షన్ల పిల్లలు ఫీజు కడతారు. ఇంట్లో తయారైన సరుకు మీద కాలేజీ లేబుల్ వేసుకోవడమే గనక, రేపు పరీక్షలు పోయినా లేబుల్ వ్యాపారం ఆగదు. హోర్డింగుల మీద పిల్లల ఫోటోల బదులు ఇళ్ల ఫోటోలు వేసుకుంటారు. ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, అన్నీ మావే, త్రిబుల్ బెడ్రూమ్‌లే.

నిజంగా అడ్డం వచ్చేది వేరే ఉంది. 1983లో హేన్‌మన్, లాక్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు 29 దేశాల లెక్కలు తీసి, కోల్‌మన్ చెప్పినది సంపన్న దేశాల కథ అన్నారు. పేద దేశాల్లో ఇంటి కన్నా బడి, టీచర్ చూపించే ప్రభావమే ఎక్కువగా ఉందట. ఇది బయటికి పొక్కకూడదు. ఒక మంచి బడి పెట్టి, నిలకడగా ఒక మంచి టీచర్‌ను ఉంచితే ఇంటి రాత మారుతుందని జనానికి తెలిస్తే, మనల్ని అడగడం మొదలుపెడతారు. దురదృష్టం ఏమిటంటే రుజువులు మన పక్కనే పడున్నాయి. అనంతపురం వైపు కొడిగెనహళ్లిలో 1972లో గురుకులం పెట్టారు. పల్లె పిల్లల్ని ఇంటి నుంచి తీసి, అందరికీ ఒకే లైటు, ఒకే కంచం, ఒకే సార్ ఇచ్చారు. ఆ పిల్లలు ర్యాంకులు కొట్టడం మొదలుపెట్టారు. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం ఇక్కడ సీజనల్ హాస్టళ్లు కూడా పెడుతున్నారు; అమ్మానాన్న గుంటూరు పోయినా పిల్ల ఊళ్లోనే తిని, బడికి పోతుంది. ఇలాంటివి ఎక్కువైతే నా పథకం తలకిందులవుతుంది. అందుకే వీటిని నడపనిస్తూనే చిన్నవిగా ఉంచాలి, బిల్లులు ఆలస్యం చేయాలి, సీట్లు పెంచకూడదు. గురుకులం, నవోదయ సీట్లకు ఎంట్రన్స్ పెట్టడం ఇప్పటికే కొంత మేలు చేసింది. ఆ ఎంట్రన్స్‌కు కోచింగ్ సెంటర్లు వెలిశాయి, కోచింగ్‌కు డబ్బున్న ఇళ్లు వెలిశాయి. పల్లె బడి రిజిస్టర్లో పేరు, పట్నంలో కోచింగ్. నవోదయలో పల్లె పిల్లల కోసం ఉంచిన 75 శాతం సీట్లను పట్నం పిల్లలు ఎలా అందుకుంటారో నేర్చుకోవాలంటే అది విడిగా ఒక డిగ్రీ కోర్సు.

అమలు సంగతి చెప్పి ముగిస్తాను. సర్వే జనవరిలో పెట్టాలి, సంక్రాంతి దాటగానే. సచివాలయం సిబ్బంది ఇంటింటికీ పోయి మీటరు రీడింగ్, ఏసీలు, అలమారాలో పుస్తకాలు, తల్లి డిగ్రీ సర్టిఫికెట్, ఇవన్నీ ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తే ఫలితాలు ఫిబ్రవరిలోనే ఇచ్చేయొచ్చు. మార్కులు తక్కువ వచ్చాయనుకున్నవాళ్లు వెయ్యి రూపాయలు కట్టి రీవెరిఫికేషన్ కోరవచ్చు, మళ్లీ వచ్చి ఫ్యాన్లు లెక్కపెడతారు. కోసిగి, కౌతాళం వైపు ఆ నెలలో చాలా ఇళ్లకు తాళాలుంటాయి. సిబ్బంది కంగారుపడక్కర్లేదు, తాళం కప్పను ఫోటో తీసి ఆబ్సెంట్ అని టిక్కు పెడితే చాలు. వాళ్లు తిరిగి వచ్చాక మే నెలలో సప్లిమెంటరీ సర్వే ఉంటుంది. దానికి ఫీజు మాత్రం మార్చి నెలాఖరు లోపలే ఆన్‌లైన్‌లో కట్టాలి, అపరాధ రుసుముతో అయితే ఏప్రిల్ 5 దాకా. ఫోన్‌కు వచ్చే ఓటీపీ తల్లే చెప్పాలి, చేలో సిగ్నల్ ఉన్నా లేకపోయినా.